సభలో పీట లేనివారు



పట్టములందుకొని లోకవ్యవహారములోనికి అడుగిడుచున్న మీతో నేడు సామ్రాజ్యములను గూర్చి గాక, మురుగుకాలువలు, వంతెనలు, ట్రాములు, బడులు మున్నగువాని యోగక్షేమములను చూచిన, 1889 మొదలు 1965 వరకు నిలిచిన లండను కౌంటీ కౌన్సిలును గూర్చి ముచ్చటింప దలచితిని.

దానికి పూర్వము 1855లో ఏర్పడిన మెట్రోపాలిటన్ బోర్డు, బాజల్గెట్ అను ఇంజనీరు ప్రతిభచే నగరపు మురుగును దిగువకు మళ్లించి థేమ్సునదిని కాపాడిన ఘనత గలదియే యైనను, దాని సభ్యులను పౌరులు నేరుగా ఎన్నుకొనుట లేదు. పారిషు సభలే పంపుచుండెను. లెక్క అడుగు ఓటరు లేనిచోట అక్రమము చొరబడుటకు ఎంతకాలము పట్టును? 1888లో రాయల్ కమిషను దాని అవినీతిని విచారించెను. ఆ యేటనే సాల్స్‌బరీ మంత్రివర్గము చేసిన స్థానికపరిపాలనా చట్టము, అంతవరకు ఇంగ్లండు పల్లెసీమలలో మేజిస్ట్రేటుల చేతనున్న రోడ్లు, వంతెనలు మున్నగువాని నిర్వహణను ఎన్నికైన కౌంటీ కౌన్సిళ్లకు అప్పగించి, లండనునకును అట్టి సభ నొసంగెను.

ఓటర్లు 118 మంది కౌన్సిలర్లను ఎన్నుకొనగా, వారు మరల ఆల్డర్మన్లు అను 19 మంది అదనపు సభ్యులను ఎన్నుకొనిరి. ప్రథమాధ్యక్షుడు రోజ్‌బరీ ప్రభువు. నిండుసభలో ఉపన్యాసములెన్ని సాగినను, అసలు పని సంఘములలో జరిగెడిది. 1893లో సాంకేతికవిద్యా మండలికి సిడ్నీ వెబ్ అధ్యక్షుడై పేదబాలురకు విద్యార్థి వేతనములు సమకూర్చినది అట్టి యొక సంఘపు బల్లచుట్టు కూర్చుండియే.

అయితే ఆ బల్ల దగ్గర అందరికిని పీట లేకుండెను. తొలి యెన్నికలో బ్రిక్స్‌టనునుండి గెలిచిన లేడీ శాండ్‌హర్‌స్టు స్త్రీ యన్న కారణముననే అనర్హురాలని న్యాయస్థానము తేల్చి, ఓడిన పురుషునికే ఆ స్థానము నిచ్చెను. అట్లే గెలిచిన జేన్ కాబ్డెన్ ఏడాది కాలము మౌనము వహించి, ఎన్నికను ప్రశ్నించు గడువు దాటినపిమ్మట సభలో ఓటువేయగా, కోర్టు ఆమెకు జరిమానా విధించెను! ఓటర్లు ఒప్పినదానిని చట్టము ఒప్పుటకు 1907 వరకు ఆగవలసివచ్చెను.

పీట లేనివారికి మరియొక ఉదాహరణము. షోర్‌డిచ్‌లోని ఓల్డ్ నికల్ అను మురికివాడను కూల్చి, అయిదువేలమందికి పైగా కదలించి, కౌన్సిలు బౌండరీ స్ట్రీటు గృహసముదాయమును నిర్మించి 1900లో ప్రారంభించెను. నేటికిని ఆ యెఱ్ఱయిటుక మేడలు చూడ ముచ్చటగొల్పును. కూల్చిన యిండ్ల శిథిలములతోనే నడుమ నొక గుట్టను పోసి తోటగా తీర్చిరి. కాని క్రొత్త అద్దెలను భరింపలేక, పాతనివాసులలో మరల అచ్చట చేరినవారు అత్యల్పులు. ఆ పథకమును గీచినవారు దుష్టులు కారు, సమర్థులు, సదుద్దేశులు. వాడలోని కుటుంబముల ఆదాయమెంతో అడిగి తెలిసికొని అద్దె నిర్ణయింపకపోవుటయే వారి లోపమని నా అభిప్రాయము.

మీలో కొందరు రేపు పురపాలక కార్యాలయములందు ఇట్టి పటములే గీయుదురు. సంతకము చేయుటకు ముందు ఆ వాడకు పోయి, అద్దె ఎంత కట్టగలరో అక్కడివారినే అడుగుడు.