60 కిలోల బోర్డు, 288 కిలోల లాగుడు: కేబుల్ టెన్షన్ లెక్క

ఈ రోజు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తా. లెక్క చిన్నదే, ఇంటర్ ఫిజిక్స్ చదివిన ఎవరైనా చేయొచ్చు. మెకానికల్‌లో బీటెక్ చేసిన నేను మాత్రం చేయలేదు.

అప్పటికి నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నా. పండక్కి ఊరెళ్తే మా బాబాయి తన టిఫిన్ సెంటర్‌కి కొత్త బోర్డు పెట్టిస్తున్నాడు. గోడ నుంచి రోడ్డు వైపుకి 2 మీటర్ల ఇనుప పైపు, దాని చివర బోర్డు. పైపు కిందికి ఒరగకుండా, చివరి నుంచి గోడకి ఏటవాలుగా ఒక స్టీల్ వైరు. పైన కిటికీ అడ్డం వస్తోందని వెల్డింగ్ అబ్బాయి ఆ వైరుని పైపుకి 35 సెంటీమీటర్ల పైనే బోల్టు కొట్టి కట్టేశాడు.

బాబాయి నన్ను పిలిచి, "ఒరేయ్, ఇంజనీరింగ్ చదివావు కదా, ఇది ఆగుద్దంటావా?" అనడిగాడు. వైరు ఎంత మోస్తుందని అడిగితే 500 కిలోలు అన్నారు. పైపు 20, బోర్డు 40, మొత్తం 60. "500 కిలోల వైరుకి 60 కిలోలు ఒక లెక్కా బాబాయ్, ఏం కాదు" అనేశా.

నాలుగు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున బోర్డు కింద పడింది. ఇంకో గంట ఆగి పడుంటే, సరిగ్గా అక్కడే ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని పది మంది నిలబడి ఉండేవాళ్ళు. అదృష్టం, ఒక బల్ల మాత్రమే విరిగింది. విచిత్రం ఏంటంటే వైరు తెగలేదు. గోడలో బోల్టు ప్లాస్టరింగ్‌తో సహా ఊడొచ్చింది. బాబాయి వెల్డింగ్ అబ్బాయిని తిట్టాడు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి కూర్చుని, నాలుగు నెలల ముందు చేయాల్సిన లెక్క చేశా. ఇప్పుడు అదే మీతో కలిసి చేద్దాం. పేపర్, పెన్ను తీసుకోండి.

గోడ దగ్గర పైపు తలుపు బందు లాంటి ఒక పిన్ను మీద ఉంది. దీన్నే హింజ్ అంటాం. వైరు తీసేస్తే పైపు ఆ పిన్ను చుట్టూ తిరిగి కిందికి పడుతుంది. అంటే ఇక్కడ చూడాల్సింది బరువొక్కటే కాదు, తిప్పే బలం. పుస్తకంలో దాని పేరు మొమెంట్. బలాన్ని పిన్ను నుంచి దూరంతో గుణిస్తే వస్తుంది. తలుపుని బందు దగ్గర నెడితే కష్టం, చివర నెడితే ఈజీ. ఇదీ అంతే.

కిందికి తిప్పేవి రెండు. పైపు బరువు 20 కిలోలు, అది పైపు మధ్యలో, అంటే 1 మీటర్ దగ్గర పనిచేస్తుంది: 20. బోర్డు 40 కిలోలు, 2 మీటర్ల దగ్గర: 80. మొత్తం 100.

పైకి తిప్పేది వైరు ఒక్కటే. కానీ వైరు ఏటవాలుగా లాగుతోంది. దాని లాగుడులో నిలువుగా పైకి వెళ్ళే వాటా మాత్రమే పైపుని లేపుతుంది. ఆ వాటా ఎంతంటే, టెన్షన్ ఇంటూ సైన్ యాంగిల్. అది 2 మీటర్ల దగ్గర ఉంది. కాబట్టి టెన్షన్ ఇంటూ సైన్ యాంగిల్ ఇంటూ 2 ఈజ్ ఈక్వల్ టు 100. అంటే టెన్షన్ ఇంటూ సైన్ యాంగిల్ 50 కిలోలు. న్యూటన్లలో కావాలంటే 9.8 తో గుణించండి, 490.

ఇప్పుడు యాంగిల్ మారుస్తూ చూడండి. 45 డిగ్రీలకి టెన్షన్ 71 కిలోలు. 30 డిగ్రీలకి సరిగ్గా 100. మా బాబాయి బోర్డుకి? 2 మీటర్ల పొడవుకి 35 సెంటీమీటర్ల ఎత్తు అంటే దాదాపు 10 డిగ్రీలు. సైన్ 10 విలువ 0.1736. యాభైని దాంతో భాగిస్తే 288 కిలోలు!

బోర్డు బరువు మారలేదు. వైరు పడుకునే కొద్దీ టెన్షన్ పెరిగిపోయింది. బట్టలారేసే తాడుని బిర్రుగా, అడ్డంగా కడితే ఒక తడి దుప్పటికే మేకు ఎందుకు ఊడొస్తుందో ఇప్పుడు అర్థమైందా?

అసలు దెబ్బ ఇక్కడ. వైరు 288 కిలోలతో లాగుతోందంటే, గోడలో బోల్టుని కూడా అంతే బలంతో లాగుతోంది. అందులో గోడ నుంచి బయటికి పీకే వాటా టెన్షన్ ఇంటూ కాస్ 10, అంటే దాదాపు 284 కిలోలు. పైగా గాలికి బోర్డు ఊగుతుంటే ఇంకొంచెం ఎక్కువ. నేను వైరు మీద నంబర్ చూశా. ఆ వైరుని పట్టుకున్న బోల్టుని చూడలేదు, దాని వెనక ఇటుకని చూడలేదు.

ఇక్కడ కామెంట్లలో ఒక డౌట్ గ్యారంటీగా వస్తుంది. "అన్నా, హైదరాబాద్ దుర్గం చెరువు బ్రిడ్జి కేబుల్స్ కూడా పడుకున్నట్టే ఉంటాయి కదా?" మంచి ప్రశ్న. 2020లో ఓపెన్ చేసిన ఆ బ్రిడ్జి ఎక్స్‌ట్రాడోస్డ్ రకం. దానికి టవర్లు పొట్టిగా ఉంటాయి, కేబుల్స్ ఏటవాలు తక్కువ. కానీ అక్కడ రోడ్డు కింద ఉన్న కాంక్రీట్ బీమ్ చాలా గట్టిది, బరువులో పెద్ద వాటా అదే మోస్తుంది. మన పైపు పిన్ను మీద తిరిగిపోతుంది కాబట్టి దానికి ఆ అవకాశం లేదు.

తర్వాత బాబాయికి ఫోన్ చేసి, తప్పు ఆ అబ్బాయిది కాదు, చూసి సరే అన్నవాణ్ణి నేనే అని చెప్పా. "సర్లేరా, ఈసారి లెక్కేసి చెప్పు" అన్నాడు. పైపుని కిటికీ పక్కకి జరిపించి, 2 మీటర్ల పైన, ఇటుకలో కాకుండా స్లాబు కాంక్రీట్ బీమ్‌లో బోల్టు వేయించాం. 45 డిగ్రీలు, టెన్షన్ 71, బోల్టుని పీకే బలం 50 కిలోలే. ఈసారి ఒక సివిల్ ఇంజనీర్‌కి కూడా చూపించాం. మీరూ అంతే చేయండి, నా వీడియో చూసి బోర్డు కట్టేయకండి.

మీకో హోంవర్క్. అదే పైపు, అదే బోర్డు, 30 డిగ్రీలే, కానీ వైరుని పైపు చివర కాకుండా సరిగ్గా మధ్యలో కట్టారు. టెన్షన్ ఎంత? లెక్కేసి కామెంట్ చేయండి. నాలాగా చూసి ఊరికే "ఏం కాదు" అనకండి. మళ్ళీ కలుద్దాం.