తెర ముందు కూర్చున్నవాని మాట

రేడియో పెట్టెకు ముఖ్యముగా రెండు మీటలు చాలును. ఒకటి ధ్వనిని హెచ్చించుటకు, రెండవది కేంద్రమును మార్చుటకు. వాటి నెట్లు త్రిప్పవలెనో ఇంటిలోని వృద్ధులకు గాని, పిల్లలకు గాని ఒకరు నేర్పవలసిన పని లేదు. కంప్యూటరు అట్టిది కాదు. అందు మీటలన్నియు తెరమీది బొమ్మలే. ఏ బొమ్మ ఎచ్చట ఉండవలెనో, దాని పేరేమో నిర్ణయించువాడు ఒకడు; దానిని వెదకుకొనువాడు మరియొకడు. ఈ ఇరువురి నడుమ జరుగు సంభాషణను గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

లినక్స్ అను మూలవ్యవస్థకు 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ అంకురార్పణ చేసెను. అది యంత్రమును నడపునే గాని, సామాన్యుడు చూచి వాడుకొనదగిన ముఖము దానికి లేకుండెను. ఆ ముఖమునే డెస్క్‌టాప్ అందురు. 1996లో జర్మనీ దేశపు విద్యార్థి మథియాస్ ఎట్రిక్ కె.డి.ఇ. అను డెస్క్‌టాప్ నిర్మాణమునకు పిలుపు నిచ్చెను. ఆ మరుసటి యేడు మెక్సికో యువకులు మిగెల్ ద ఇకాసా, ఫెదెరికో మేనా గ్నోమ్ అను దానిని ఆరంభించిరి. ఈ రెండును ఎవరైనను ఉచితముగా పొందవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చి పరులకు పంచవచ్చును.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని వంట చేసినవానికి ఉప్పు తక్కువైనదని తోచదు, తిన్నవాడు చెప్పవలెను. ఆరంభదినములలో ఈ డెస్క్‌టాపులను నిర్మించినవారే వాటిని వాడుకొనెడివారు. తమకు తెలిసినది లోకమునకెల్ల తెలియుననుకొనుట పండితులకు సహజమైన పొరపాటు. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు కొందరిని గ్నోమ్ తెర ముందు కూర్చుండబెట్టి, చిన్న చిన్న పనులు చేయుమని, ఎచ్చట తడబడుచున్నారో ప్రక్కనుండి గమనించిరి. కార్యక్రమముల వింత పేర్లు, పనివారి పరిభాష వారిని చీకాకు పరచినట్లు తేలెను. మరుసటి సంవత్సరమున, 2002లో, గ్నోమ్ వారు తెరల నిర్మాణమునకు నియమావళి నొకదానిని ప్రకటించిరి. వాడువాని తడబాటు నిర్మించువానికి పాఠమైనదన్నమాట.

అయినను పాఠము ఒక్కసారితో ముగియదు. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ మూడవ రూపము వెలువడెను. అందు యంత్రమును పూర్తిగా ఆపు ఆజ్ఞ మామూలుగా కంటికి కనబడదు. పట్టికను తెరచి, ఆల్ట్ అను మీటను నొక్కి పట్టిననే అది దర్శనమిచ్చును. యంత్రమును నిద్రపుచ్చిన చాలును గదా, ఆపనేల అని నిర్మాతల తలంపు. ఆ తలంపు హేతువు లేనిదని మేమనము. కాని దీపమార్పి పడుకొనవలెనను గృహస్థునకు దీపము మీటను గోడలో దాచి పెట్టినట్లయినది. కిటికీలను క్రిందికి దించు చిన్న బొత్తామును సైతము వారు తొలగించిరి.

అలజడి చెలరేగెను. టోర్వాల్డ్స్ అంతటివాడు బహిరంగముగా నిరసించి ఎక్స్ఎఫ్‌సీఈ అను వేరొక డెస్క్‌టాపునకు తరలెను. పాత రూపమును కోరినవారు దానిని విడువక, మాటే అను పేర స్వయముగా పోషించుకొనసాగిరి. లినక్స్ మింట్ వారు సినమన్ అను దానిని నిర్మించుకొనిరి. తుదకు 2012లో ఆపు ఆజ్ఞ పట్టికలో బాహాటముగా చేరెను. 2013లో పాత పద్ధతికి అలవాటుపడినవారి కొరకు క్లాసిక్ అను రూపమును గ్నోమ్ వారే కల్పించిరి. టోర్వాల్డ్స్ కూడ ఆ యేడు గ్నోమ్‌నకు మరలెను.

ఇందువలన ప్రతి ఫిర్యాదును నెరవేర్చి తీరవలెనని గ్రహింపరాదు. గ్నోమ్ నిర్మాతలలో ఒకడగు హావొక్ పెన్నింగ్టన్ 2002లోనే ఒక సత్యమును వివరించెను: తెరపై కలుపు ప్రతి వెసులుబాటునకును ఒక వెల యున్నది. ఒక్కొక్కటి చేర్చిన కొలది పరీక్షింపవలసిన సందర్భములు పెరుగును, తప్పులు దాగుకొనుటకు మూలలు పెరుగును, క్రొత్తవానికి దారి తెలియదు. అంతేకాక, బిగ్గరగా అరచినవారే జనులందరు కారు. విసిగి మౌనముగా వెడలిపోయినవాడు ఏ లేఖయు వ్రాయడు. అలవాటు తప్పినందువలని బాధ వేరు, నిజమైన లోపము వేరు. ఈ రెంటిని వేరుపరచుటయే నిర్మాత వివేకము.

మరి వాడువాని ధర్మమేమి? ‘ఇది పనికిమాలినది’ అను మాటవలన ఎవరికిని ప్రయోజనము లేదు. వైద్యుని యొద్దకు పోయి ‘నాకు బాగులేదు’ అని ఊరకున్న మందు దొరకునా? ఏ పని చేయబోతిమి, ఏమి జరుగునని తలచితిమి, నిజముగ జరిగినదేమి—ఈ మూడు మాటలు చెప్పిన చాలును. ఇందులో అనేకులు స్వచ్ఛందముగ పని చేయుచున్నారు. దూషణ వారి చేతులను ఆపునే గాని తప్పును దిద్దదు. అట్లని ‘ఉచితముగ ఇచ్చితిమి, నోరు మూసికొనుము’ అనుటయు న్యాయము కాదు. వాడువాడు తన కాలమును, నమ్మకమును వెచ్చించుచున్నాడు. ఈ సంగతి గుర్తించియే కె.డి.ఇ. వారు 2017లో వాడుక సౌలభ్యమును తమ ముఖ్య లక్ష్యములలో ఒకటిగా ఎన్నుకొనిరి. తెర ముందు కూర్చున్న మొదటి పదునైదు నిమిషములలోనే ఎదురగు లోపములను ముందుగా సవరింపవలెనని 2022లో ఒక ప్రయత్నమును ఆరంభించిరి. తొలిచూపున కలిగిన విముఖత తొలగుట కష్టమని వారెరుగుదురు.

ఇది మన భాషకును సంబంధించిన సంగతి. ‘స్త్రీ’ అను మాట మన కంటికి ఒక్క అక్షరము. యంత్రమునకు ఆరు సంకేతముల వరుస. చెరుపు మీటను ఒకసారి నొక్కిన అక్షరమంతయు పోవలెనా, తుది గుణింతము మాత్రమే పోవలెనా అన్న ప్రశ్న రోమను లిపిలో వ్రాయువానికి తోచనే తోచదు. ‘ఫైలు’ అను మాట పల్లెటూరి కచేరీలో సైతము నలిగినది. దానికి మారుగా ఎన్నడును వినని సంస్కృత సమాసము తెరపై కనబడిన, తెలుగు చదువరి తెలుగులోనే దారి తప్పును. ఈ మాటలు చెప్పవలసినవారు మనమే. మనము చెప్పనిచో, మనకు కష్టము లేదని నిర్మాతలు భావించిన తప్పు వారిది కాదు.

తెలియక తడబడినవాడు తెలివితక్కువవాడు కాడు. ఆ తడబాటే యంత్రములోని లోపమును చూపు వ్రేలు. సిగ్గుపడక దానిని చెప్పుటకు వాడువాడును, చిన్నబుచ్చుకొనక వినుటకు నిర్మాతయు అలవాటుపడిన నాడు, కంప్యూటరు సైతము రేడియో పెట్టె వలె ఇంటిలో అందరిది కాగలదని మా విశ్వాసము.