సిరక్యూస్ వెండి చెప్పే తేదీ
(స్మారకోపన్యాసం)

గ్రీకు నాణేన్ని మొదటిసారి నా అరచేతిలో పెట్టి, ‘ముందు అంచు చూడు, బొమ్మ తర్వాత’ అన్న మా మాస్టారి పేరిట ఈరోజు మాట్లాడటం నా భాగ్యం.

ఏథెన్స్ గుడ్లగూబ నాణెం, దానికి వెండినిచ్చిన లారియం గనులు, అందులోని తులమున్నర వెండి, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను పదేళ్లు తలమునకలైన సిసిలీకి, సిరక్యూస్‌కు వెళదాం.

అక్కడ దాదాపు 43 గ్రాముల పది ద్రాక్మాల నాణెం ఒకటి వేశారు. ఒకవైపు నాలుగు గుర్రాల రథం, దాని కింద సింహం. రెండోవైపు ఆకుల దండ పెట్టుకున్న స్త్రీ ముఖం, చుట్టూ డాల్ఫిన్లు. భూతద్దం పెడితే ముఖానికీ డాల్ఫిన్లకూ నడుమ వెంట్రుకంత సన్నని వలయం కనిపిస్తుంది.

క్రీ.పూ. 480లో సిసిలీలోని హిమెరా దగ్గర సిరక్యూస్ పాలకుడు గేలోన్ చేతిలో ఆఫ్రికాలోని కార్తేజ్ ఓడింది. సంధికి సాయపడినందుకు ఆయన భార్య డెమరేతెకు కార్తేజ్ వాళ్లు నూరు టాలెంట్ల బంగారంతో కిరీటం పెట్టారనీ, ఆమె పేరిట నాణెం వెలువడిందనీ ప్రాచీన చరిత్రకారుడు డయొడోరస్ రాశాడు. ఆ నాణెం ఇదేనని 19వ శతాబ్దపు పండితులు తేల్చేశారు. సింహం ఓడిన ఆఫ్రికా అన్నారు. 1929లో సిరక్యూస్ అచ్చులన్నిటినీ వరసకు తెచ్చిన బోరింగర్ కూడా ఆ తేదీనే నిలబెట్టాడు.

నేను ఒప్పుకోను. నాణేల పండితుడు కాలిన్ క్రే వంటివారు దీన్ని క్రీ.పూ. 460ల వైపు జరిపారు. నేనూ వారి పక్షమే. డయొడోరస్ ఆ నాణెం మీది బొమ్మ ఏమిటో చెప్పలేదు. అచ్చులు మాత్రం చెబుతాయి. దిమ్మెలో బిగించిన కింది అచ్చు ఎక్కువకాలం మన్నుతుంది, సుత్తిదెబ్బ తినే పై అచ్చు త్వరగా పగులుతుంది. ఒకే కింది అచ్చుతో మారుతూ వచ్చిన పై అచ్చులను, పెరుగుతున్న పగుళ్లను వెంబడిస్తే ఏది ముందో తెలుస్తుంది. అలా చూస్తే ఈ నాణేనికి ముందు అచ్చులు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. 480 తేదీ నిలవాలంటే గేలోన్ సిరక్యూస్‌ను చేపట్టిన ఐదారేళ్లలోనే అవన్నీ అరిగిపోవాలి. టంకశాల పని అలా సాగదు. ఇంత వెండి సాక్ష్యాన్ని పక్కనపెట్టి కిరీటం కథనే పట్టుకోవడం చరిత్ర కాదు.

అధ్యక్షులవారి చీటీ వచ్చింది. త్వరగా ముగిస్తాను. అచ్చులు చెక్కిన శిల్పులు కీమోన్, యువైనెటోస్ తమ పేర్లు పెట్టిన అందమైన సిరక్యూస్ నాణేలు తర్వాతి తరాలవి. సేకరణ చరిత్రలో వియన్నా పండితుడు ఎకెల్ 1792 నుంచి వెలువరించిన సంపుటాలు, 1824లో బ్రిటిష్ మ్యూజియంకు చేరిన పెయిన్ నైట్ సేకరణ, 1887 నాటి బార్క్లే హెడ్ గ్రంథం, ఈ మూడూ మైలురాళ్లు.

ఒక్క సంగతి మాత్రం వదల్లేను. 1984లో తుర్కియేలోని ఎల్మలి దగ్గర దాదాపు 1,900 వెండి నాణేల నిధి బయటపడి, దొంగదారిన దేశం దాటింది. ఏథెన్స్ పది ద్రాక్మాల నాణేలే అందులో పదికి పైగా ఉన్నాయి. చాలా భాగం 1999లో తిరిగి చేరింది. కానీ తవ్వినప్పుడు ఏ నాణెం పక్కన ఏది, ఏ మట్టిపొరలో ఉందో ఎవరూ రాసుకోలేదు. ఆ పొర ఇక దొరకదు.

ఈ సభలో సేకర్తలున్నారు. మీ దగ్గరున్న ప్రతి నాణేనికీ ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారో ఒక చీటీ రాసి పెట్టండి. కొత్తది కొనేముందు ఎక్కడ దొరికిందని అడగండి. జవాబు రాకపోతే కొనకండి.