నీవా ఒడ్డున విన్న మాటలు
(పూతలపట్టులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను నది గురించి మాట్లాడమన్నారు. గంగా గోదావరుల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మన చిత్తూరు ఊరి మధ్యన పోయే నీవా గురించి చెబుతాను. ఏడాదిలో ఎక్కువ నెలలు దీన్ని నది అంటే పిల్లలు నవ్వుతారు. ముళ్లకంప, చెత్త, ఊరి మురుగు. అయినా పొన్నై దారిన పాలారును చేరే నదే ఇది. దీని ఒడ్డున రేకుల ఇళ్లు వేసుకుని బతికే స్త్రీలతో నేనూ, నా స్నేహితులూ కొన్ని నెలలుగా కూర్చుని మాట్లాడుతున్నాం. ప్రశ్నల పట్టికలేవీ పట్టుకుపోలేదు. "నీకూ ఈ ఏటికీ ఏం సంబంధం?" అని మాత్రం అడిగాం.

ఒక పెద్దామె అంది: "నేను పెండ్లయి వచ్చినప్పుడు మోకాటి లోతు చెలమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవి. కడవ నిండేదాకా కష్టసుఖాలు చెప్పుకొనేవాళ్లం. ఇప్పుడు ట్యాంకరు కాడ కొట్లాడుకుంటా ఉండాం." వాన నీటిని పట్టి ఉంచేది ఇసుకే అని ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇసుక ట్రాక్టర్లెక్కి పోయింది, దాని వెనకే నీళ్లూ పోయాయి. ఇసుక తవ్వకానికి హద్దులు పెట్టిన వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. ఆ హద్దు చెలమ దాకా రాలేదు, అంతే.

ఇంకో చెల్లెలు ఏరంటే తనకు భయమే గుర్తొస్తుందంది. మరుగుదొడ్డి లేని రోజుల్లో తెల్లారకముందే ఏట్లోకి పోవాలి. పగలు కడుపునొప్పి వచ్చినా చీకటి పడేదాకా బిగబట్టుకోవాలి. నది అందం మీద కవిత్వం రాసేవాళ్లు ఈ మాట కూడా వినాలి.

2021 నవంబరు వానలు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధులు ఏరులయ్యాయి. నీవా కూడా తన దారి తాను వెతుక్కుంటూ ఇళ్లలోకి వచ్చింది. ఇళ్లలో పాచిపని చేసుకుంటూ, రాత్రిళ్లు బట్టలు కుట్టే ఒక అక్క ఇద్దరు పిల్లల్నీ, ఒక ప్లాస్టిక్ కవరునీ పట్టుకుని బయటపడింది. కవరులో రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, డ్వాక్రా పుస్తకం. కుట్టుమిషన్ వదిలేసింది. ఆ మిషన్ సంఘం అప్పుతో కొన్నది. మిషన్ పోయింది, కంతులు మిగిలాయి.

నష్టం రాయించుకుందామని ఒక ఆఫీసుకు పోతే, "మీ ఇల్లు ఏటి పోరంబోకులో ఉంది, పట్టా లేదు. ఏమని రాసేది?" అన్నారట. అక్క ఊరుకోలేదు. "కరెంటు బిల్లు కట్టించుకొనేటప్పుడు పోరంబోకు గుర్తు రాలేదా సార్?" అంది. జవాబు రాలేదు, డబ్బూ రాలేదు.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. 2015 వరదల తర్వాత చెన్నైలో ఏటి ఒడ్డు జనాన్ని పెరుంబాక్కం తరలించారు. 2024లో హైదరాబాదు మూసీ పక్క ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్.బి. ఎక్స్' అని రాశారు. ఏట్లో ఇల్లు ఉండకూడదన్న మాట తప్పని నేను అనను. వరదలో మునిగే చోట పిల్లల్ని పెంచాలని ఏ తల్లి కోరుకుంటుంది? కానీ ఓల్గా టెల్లిస్ కేసులో 1985లోనే సుప్రీంకోర్టు జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమని చెప్పింది. 2020 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరిటే ఇచ్చారు, మంచిదే. ఊరికి దూరంగా స్థలం ఇస్తే, నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషి బస్సు చార్జీలకు ఎంత పోగొట్టుకోవాలి? ఈ లెక్క ఆమెను అడిగి వేయాలి.

కాణిపాకం ఇక్కడికి దగ్గరే. ఆకలికి ఒక మామిడిపండు కోసుకున్నాడని లిఖితుడి చేతులు నరికించారట. ఆ ఏట్లో మునిగితే తిరిగి వచ్చాయట, అందుకే అది బాహుదా. చిన్నప్పుడు భక్తితో విన్నాను. ఇప్పుడు మాత్రం, అంత చిన్న తప్పుకు అంత శిక్ష ఏమిటి అనిపిస్తుంది. 'ఆక్రమణదారులు' అన్న మాట విన్నప్పుడల్లా ఆ పండే గుర్తొస్తుంది.

కుట్టుమిషన్ పోయిన అక్క ఇవాళ మన మధ్యే ఉంది, ఆ మూడో వరసలో. ఆ ప్లాస్టిక్ కవరు కూడా తెచ్చుకుంది. అర్జీ ఎట్లా రాయాలో, ఎవరెవరం సంతకాలు పెట్టాలో ఆమె నోటితోనే విందాం. అక్కా, రా.