ముర్రుపాలలో దూడ వంతు, మన వంతు

(వేంసూరులో పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చలికాలం వచ్చింది. మన గేదెలు ఎక్కువగా ఈనేదీ, సంఘానికి పాలు ఎక్కువగా వచ్చేదీ ఈ రోజుల్లోనే.

స్విట్జర్లాండులో చలిరాత్రి ఇంటిల్లిపాదీ ఒకే గిన్నె చుట్టూ కూర్చుంటారు. చీజును ద్రాక్షసారాలో కరిగించి, సన్నని సెగ మీద ఉంచి, రొట్టెముక్కలు ముంచుకొని తింటారు. దాని పేరు ఫాండ్యూ. 1914లో ఏర్పడిన అక్కడి చీజు సంఘం, మిగిలిపోతున్న చీజు ఖర్చు కావాలని 1930 ప్రాంతంలో ఈ వంటను దేశమంతటా ప్రచారం చేసింది. 1999లో ఆ సంఘం మూతపడింది గాని వంట నిలిచింది.

మనకూ చలికాలపు గిన్నె ఒకటి ఉంది. అదే జున్ను. చీజుకైతే పాలను తోడుపెట్టి విరిచి, నీరు పిండి, నెలల తరబడి మాగవేయాలి. జున్నుకు అవేవీ అక్కరలేదు. ముర్రుపాలలో మాంసకృత్తులు అధికం గనుక వేడి తగిలితే చాలు, గట్టిపడుతుంది.

అయితే ఈ గిన్నెలో మొదటి వంతు దూడది. రోగాన్ని ఎదిరించే శక్తి తల్లి కడుపులో ఉండగా దూడకు అందదు. ముర్రుపాల ద్వారానే అందాలి. పుట్టిన గంట, రెండు గంటల లోపే తాగించాలి. ఒక రోజు గడిస్తే ఆ శక్తిని పీల్చుకునే గుణం దూడ పేగుకు పోతుంది. మొదటి రోజున దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు 3 లీటర్లు, మూడు నాలుగు విడతలుగా పట్టాలి. కాచి పట్టవద్దు, కాస్తే ఆ శక్తి నశిస్తుంది.

మాయ పడేదాకా దూడను వదలరాదని మనలో ఒక నమ్మకం ఉంది. అది మానుకుందాం. మాయ పడడానికి గంటలు పడుతుంది. ఆ గంటలే దూడకు ప్రాణం. పైగా దూడ చీకితే మాయ పడడానికి సాయమవుతుంది. దూడ పోతే గేదె సరిగా చేపదని మీకు వేరే చెప్పనక్కరలేదు.

దూడ తాగగా మిగిలిన పాలతో జున్ను చేసుకుందాం. మొదటి రోజు పాలు ఒక గ్లాసుకు మామూలు పాలు రెండు గ్లాసులు, రెండో రోజు పాలైతే సమానంగా కలపాలి. తగినంత బెల్లం కరిగించి వడకట్టి, మిరియాల పొడి, యాలకుల పొడి వేయాలి. గిన్నెకు మూత పెట్టి, అరగంట ఆవిరి మీద ఉడికించాలి. పుల్ల గుచ్చితే అంటకుండా వస్తే జున్ను అయినట్లే. పిల్లలకు పెట్టి, ఇరుగుపొరుగుకూ పంచండి.

ఇక సంఘం మాట. ఈనిన మొదటి ఐదు రోజుల పాలు కేంద్రంలో పోయవద్దు. ఒక చెంబెడు ముర్రుపాలు కలిసినా, కాచేటప్పుడు క్యానులోని పాలన్నీ విరిగిపోవచ్చు. ఆ క్యానులో మీ పాలే కాదు, ఊరందరి పాలూ ఉంటాయి.

కనుక ముర్రుపాలు మొదట దూడకు, తరువాత పొయ్యి మీదకు. సంఘానికి మాత్రం ఐదు రోజులు దాటిన మంచి పాలే పోద్దాం.