తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పట్టాలందుకున్న పిల్లలందరికీ అభినందనలు. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి. నాకు బాగా తెలిసిన సంగతి ఒక్కటే మాట్లాడతాను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నేనూ మీలాగే విద్యార్థిని. ఆ తర్వాతే మన తీరం వెంట స్తంభాల మీద తుఫాను షెల్టర్లు లేచాయి. కింద నీళ్లు పారుతున్నా పైన జనం క్షేమంగా ఉండాలని. 1990 మే తుఫాను నాటికి నేను కృష్ణా తీరంలో ఒక మండలానికి ఎమ్మార్వోని. టముకు వేయించాం, ట్రాక్టర్లు పెట్టి లంకల్లో జనాన్ని ఒక బడికి చేర్చాం. బియ్యం, కిరోసిను, పులిహోర పొట్లాలు అన్నీ సిద్ధం. ఏ లోటూ లేదనుకున్నాను.

అర్ధరాత్రి ఒక నిండుచూలాలు కళ్లు తిరిగి పడిపోయింది. గ్లాసు నోటికి అందిస్తే పెదవులు బిగబట్టింది. ఆమె అత్తగారు నా చెవిలో చెప్పింది: "నీళ్లు తాగితే బయటికెళ్లాలి గదయ్యా, ఎక్కడికెళ్తది?" లాంతరు పట్టుకుని వెనక్కి వెళ్లి చూశాను. మరుగుదొడ్లకు తాళం. తాళంచెవి ఊళ్లో లేని మనిషి దగ్గర. రాయితో పగలగొట్టిస్తే లోపల విరిగిన బల్లలు, పాత కాగితాల మూటలు. పొద్దున్నుంచి ఆ బళ్లో ఆడవాళ్లెవరూ చుక్క నీళ్లు ముట్టలేదట. కుండల నిండా నీళ్లున్నాయి, ఎదురుగానే ఉన్నాయి.

బల్లలు బయట పారేయించి, తలుపు లేని చోట టార్పాలిన్ కట్టించాం. ఇద్దరు పెద్దావిడలు లాంతరుతో వాకిట్లో కూర్చున్నారు. గంట తిరక్కుండా కుండలు ఖాళీ అయ్యాయి. ఆ చూలాలు తెల్లారేసరికి తేరుకుంది.

1996 తుఫానప్పుడు కోనసీమలో, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో, ఏ పునరావాస కేంద్రంలో అడుగుపెట్టినా బియ్యం లెక్క తర్వాతే అడిగాను. ముందు అడిగింది తాళంచెవి.

ఏం బాబూ, వెనక వరసలో, మరుగుదొడ్డి అనేసరికి నవ్వొచ్చిందా? నువ్వు సివిల్ ఇంజనీరింగే కదా. రేపు షెల్టరుకు డ్రాయింగు గీసేది నువ్వే. మరుగుదొడ్లను స్తంభాల కింద గీశావనుకో, ఉప్పెన నీళ్లలో అవి ఎవరికి పనికొస్తాయి? పైన గీయి. లోపలి నుంచి గడియ పెట్టు. వాటి ముందు దీపానికి చోటు చూపించు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణాలు రాసిపెట్టింది: మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 3 లీటర్ల తాగునీరు, 30 మందికో మరుగుదొడ్డి. ఆ మూడు లీటర్లూ అందించామని రిజిస్టర్లో రాసుకుంటాం. ఆమె తాగిందా లేదా రాసే గడి ఆ రిజిస్టర్లో నాకెప్పుడూ కనబడలేదు. అమ్మాయిలూ, మీలో ఆఫీసర్లయ్యేవాళ్లు ఆ గడి గీయండి. మగ ఆఫీసరుకు ఆ మాట చెప్పడానికి ఆ రాత్రి అత్తగారు ఎంత సిగ్గుపడిందో నేను చూశాను. మీరుంటే ఆమె సాయంత్రమే చెప్పేది.

అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫాన్ల నెలలు. ఈసారి ఊరెళ్లినప్పుడు షెల్టరు దాకా నడవండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగి, తలుపు తీయించి, కుళాయి తిప్పి చూడండి. నీళ్లు రాకపోతే ఆ రోజే పంచాయతీలో రాసిచ్చి రండి.