ఇంటి ప్లాను కూడా హక్కే
(బస్తీ పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముప్పై యేళ్లకు పైగా ప్రభుత్వ గుమాస్తాగా పనిచేశాము. మా బల్ల మీదికి వచ్చిన దరఖాస్తులలో అనేకం ఒకే కారణంతో తిరిగి వెళ్లేవి: ప్లాను జతపరచలేదు. ప్లాను గీయించుకొనే స్తోమత ఉన్నవారి కాగితం ముందుకు కదిలేది. లేనివారిది కట్టలోనే మిగిలేది. ఆనాడు మాకది నిబంధనగానే తోచింది. అందులోని అన్యాయం ఉద్యోగ విరమణ తరువాత బస్తీలలో తిరిగినప్పుడే తెలిసివచ్చింది.

మన గల్లీలలో ఇల్లు ఎలా లేస్తున్నదో మీరెరుగనిది కాదు. అరవై గజాల జాగాలో మేస్త్రీ సున్నంతో ముగ్గు పోస్తాడు, అదే ప్లాను. మేస్త్రీని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. గాలి ఎటు నుంచి రావాలి, పక్కింటి గోడ లేచాక వెలుతురు ఎక్కడిది, పునాది ఎన్ని అంతస్తులు మోస్తుంది అని లెక్కచూసే పని అతనికి ఎవరూ అప్పగించలేదు. మా గల్లీలోనే ఒక కుటుంబం కొడుకు పెళ్లికని అప్పు చేసి పై అంతస్తు వేసుకున్నది. పునాది ఒక్క అంతస్తుకే వేసినదని చెప్పేవారు లేకపోయారు. రెండు వానాకాలాలు తిరగకముందే గోడలు చీలినవి. పై గదులు ఖాళీ చేశారు. అప్పు ఇంకా తీరుస్తూనే ఉన్నారు.

తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల వరకు ఉన్న స్థలంలో, 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకొనే ఇంటికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. ఇది పేదలకు మేలే. అయితే అనుమతి అక్కరలేదంటే ఆలోచన అక్కరలేదని కాదు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది గాని, సలహా చెప్పే మనిషి దొరకలేదు.

ఆ మనిషిని పేటలోకి తెచ్చినవారు ఇతర దేశాలలో ఉన్నారు. న్యూయార్కు నగరంలో నల్లజాతీయులు అధికంగా నివసించే హార్లెంలో 1964లో కొందరు ఆర్కిటెక్టులు లాభాపేక్ష లేని ఒక కేంద్రాన్ని స్థాపించారు. దానిని 'ఆర్చ్' అని పిలిచేవారు. తమ పేటపై అధికారులు వేసిన పథకాలను అర్థం చేసుకొనడానికి, తమకు కావలసిన ప్లాను తామే చెప్పి గీయించుకొనడానికి అది ప్రజలకు తోడ్పడింది. 1968లో పౌరహక్కుల నాయకుడు విట్నీ యంగ్ ఆర్కిటెక్టుల మహాసభలోనే నిలబడి, పౌరహక్కుల విషయంలో వారి వృత్తి మౌనం వహించిందని ముఖం మీదనే చెప్పాడు. తదుపరి అటువంటి కేంద్రాలు అనేక నగరాలలో వెలిసినవి.

మన దేశంలోనూ దారి ఉన్నది. 1985లో కేరళలో మాజీ ముఖ్యమంత్రి అచ్యుత మీనన్, ఆర్కిటెక్టు లారీ బేకర్ మొదలైనవారు 'కాస్ట్‌ఫోర్డ్' సంస్థను స్థాపించారు. ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ వదిలే గోడకు సుమారు నాలుగో వంతు ఇటుకలు ఆదా అవుతాయి. ఇల్లు చల్లగానూ ఉంటుంది. చౌక అంటే నాసిరకం కాదని వారు కట్టి చూపారు. మన హైదరాబాదులోనే 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి పథకం కింద బస్తీవాసులే తమ ఇళ్లు కట్టుకొన్న చరిత్ర ఉన్నది.

కనుక మేము కోరేది పెద్ద భవనం కాదు. ఒక గది, ఒక బల్ల, వారానికి రెండు సాయంత్రాలు. మనలో పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు ఉన్నారు. మన నగరంలో ఆర్కిటెక్చరు చదివే విద్యార్థులు ఉన్నారు. వారిని అడుగుదాము.

కొన్ని నియమాలు మాత్రం ముందే పెట్టుకోవాలి. ఏ గది ఎక్కడ ఉండాలో ఆ ఇంటి స్త్రీని అడిగిన తరువాతనే గీత గీయాలి. పునాది, స్లాబు లెక్క అర్హుడైన ఇంజనీరు చూడనిదే ఏ ప్లానూ బయటికి పోరాదు. ఇవ్వగలిగినవారు ఇచ్చినదానికి రసీదు ఇవ్వాలి; ఇవ్వలేనివారిని అడగరాదు. పట్టాలు ఇప్పిస్తామని ఎవరికీ మాట ఇవ్వరాదు. మేస్త్రీలను దూరం పెట్టక, వారినే మొదట పిలిచి కూర్చోబెట్టాలి. ఆ గది తలుపు తట్టినవారి మతం అడగరాదు.

ఇది దానం కాదు. ఉన్నవారికి డబ్బుతో దొరికే విజ్ఞానం లేనివారికీ అందాలన్న హక్కు. చీలిన ఆ గోడల కింద ఇప్పటికీ ఒక కుటుంబం నిద్రిస్తున్నది. మన గది తెరిచిన మొదటి సాయంత్రం మొదటి పిలుపు వారికే పోవాలని మా మనవి.

సెలవు.